మరక ఉన్న చోటే లీకు ఉంటుందా? ఇంటి మరమ్మతులపై అపోహలు – వాస్తవాలు

పాత ఇళ్ల మరమ్మతులు చూడటం నా వృత్తి. నన్ను పిలిచే ఇళ్లలో చాలావాటికి అంతకుముందే ఒకటికి రెండుసార్లు మరమ్మతు జరిగి ఉంటుంది. అదే గోడ, అదే మరక, దానిమీద మూడో పూత రంగు. ఇంటివాళ్లు డబ్బుకు వెనుకాడి ఉండరు, పనివాళ్లూ కష్టపడే ఉంటారు. అయినా పని నిలవదు. నీరు ఎక్కడినుంచి వస్తోందో, గోడ ఎందుకు పగిలిందో తేల్చుకోకముందే పని మొదలుపెట్టడమే దీనికి కారణం. అలా తొందరపెట్టే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్నింటివల్ల డబ్బు దండగవుతుంది, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: చెమ్మ వచ్చిన గోడకు వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: రంగు వేసేది గోడకు ఈ పక్కన. నీరు వచ్చేది ఆ పక్కనుంచో, పునాదిలోనుంచో, గోడలో పూడ్చిన పైపునుంచో. బయటికి దారి మూసుకుపోయిన నీరు రంగు వెనుక చేరి పొక్కులు లేపుతుంది, లేదా పక్క గదిలో తేలుతుంది. ఇటుకకూ ప్లాస్టరుకూ కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలుంటాయి, వాటిగుండా నీరు పైకి పాకుతుంది. మట్టిలోని, ఇటుకలోని లవణాలు అందులో కరిగి వస్తాయి. గోడ ఉపరితలానికి వచ్చాక నీరు ఆవిరై పోతుంది కానీ లవణాలు అక్కడే మిగిలిపోయి స్ఫటికాలు కడతాయి. గోడమీద కనిపించే తెల్లని పొడి అదే. ప్లాస్టరు లోపల పెరిగే స్ఫటికాలు దాన్ని గుల్ల చేసి రాల్చేస్తాయి. ఆ పొడిని దులిపి పుట్టీ పెట్టి రంగు వేస్తే ఎక్కువ కాలం నిలవదు.

ముందు చెమ్మ తీరు చూడండి. నేలనుంచి మొదలై సుమారు మీటరు ఎత్తులో ఆగిపోతే పునాది వైపు అనుమానించాలి. వాన కురిసిన తర్వాతే ముదిరితే బయటి గోడనో పైకప్పునో చూడాలి. వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటే పైపును పట్టుకోవాలి. చల్లని రోజుల్లో గది మూలల్లో, బీరువా వెనుక నల్లని బూజు పడుతుంటే అది అసలు లీకే కాకపోవచ్చు. గదిలోని గాలిలో ఉన్న ఆవిరి చల్లని గోడకు తగిలి నీరుగా మారుతున్నదన్నమాట. దానికి కావలసింది గాలి ఆడే ఏర్పాటు.

ఈ చివరిది తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకును జానెడు ముక్క కత్తిరించి, మరక ఉన్న చోట గోడను తుడిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అంటించండి. ఒకటి రెండు రోజులు అలా వదిలేసి చూడండి. రేకు పైవైపు తడి చేరితే అది గది గాలిలోని తేమ. ఊడదీసి చూస్తే గోడవైపు తడి ఉంటే నీరు గోడలోనుంచే వస్తోంది. రెండూ ఉండే ఇళ్లూ లేకపోలేదు, వాటికి రెండు పనులూ చేయాలి.

పైపు సంగతి తేల్చడానికి, నీరు ట్యాంకునుంచి కాక నేరుగా మీటరునుంచి వచ్చే ఇంట్లో అయితే, కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు చూడండి. ముల్లు కదులుతుంటే సరఫరా పైపులో కారుతున్నట్టే. కదలకపోతే మురుగు పైపును అనుమానించాలి. అది నీళ్లు పోసినప్పుడే కారుతుంది కాబట్టి మీటరుకు దొరకదు.

అపోహ: స్లాబుకు మరక ఎక్కడుందో లీకు దానికి సరిగ్గా పైనే ఉంటుంది.

స్లాబులోకి దిగిన నీరు దారి దొరికినంత దూరం పోతుంది. కరెంటు తీగల కోసం స్లాబులో వేసిన గొట్టం అన్నిటికన్నా సుళువైన దారి. పిట్టగోడ మొదట్లో దిగిన నీరు ఆ గొట్టం పట్టుకుని హాలు మధ్యలో ఫ్యాను కొక్కెం దగ్గర బొట్లు బొట్లుగా రాలడం ఈ పనిలో తరచూ చూసేదే. ఇంటివాళ్లు ఫ్యానుకు సరిగ్గా పైన పైకప్పు తవ్విస్తారు, అక్కడ ఏమీ దొరకదు. పైకప్పు లీకుల్లో నేను ముందు చూసేవి రెండే: స్లాబూ పిట్టగోడా కలిసే మూల ఒకటి, వాననీరు బయటికి పోయే తూము చుట్టూ ఉన్న అతుకు రెండోది.

రుజువు కావాలంటే తూములు మూసి, పైకప్పును భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో సుమారు 25 మిల్లీమీటర్ల లోతున నీరు నిలిపి 24 గంటలు గమనించాలి. ఏ భాగంలో నీరు నిలిపినప్పుడు కింద తడి వస్తుందో ఆ భాగానికి మాత్రమే పని చేయిస్తే చాలు. అడుగున చువ్వలు బయటపడి, కిందికి వంగిన స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయవద్దు.

అపోహ: పైకప్పు కారుతుంటే మీద ఇంకో పొర కాంక్రీటు వేస్తే గట్టిపడుతుంది.

ఇది నాకు నిజంగా భయం కలిగించే నమ్మకం. ఘనమీటరు కాంక్రీటు దాదాపు 2,400 కిలోలు తూగుతుంది. 50 మిల్లీమీటర్ల పొర అంటే చదరపు మీటరుకు 120 కిలోలు. వంద చదరపు మీటర్ల పైకప్పు మీద అది 12 టన్నులు. ఇల్లు కట్టినవాళ్లు లెక్కలో పెట్టుకోని బరువది. పైగా పాత పొరకూ కొత్త పొరకూ మధ్య దూరిన నీరు బయటికి పోయే దారిలేక అక్కడే మగ్గుతుంది. పాడైన పాత పొరను తీసివేసి, తూము వైపు నీరు జారేలా వాలు సరిచేసి, ఆ మీద పలుచని వాటర్‌ప్రూఫ్ పొర వేయించడమే సరైన పద్ధతి. మీటరుకు ఒక సెంటీమీటరు వాలైనా ఉండాలి. నీరు నిలవని పైకప్పుకు సగం కష్టాలు తప్పుతాయి.

అపోహ: స్నానాల గదికి టైల్స్ వేస్తే నీరు దిగదు.

టైలు నుంచి దిగదు, టైళ్ల మధ్య అతుకునుంచి దిగుతుంది. నీటిని ఆపవలసింది టైళ్ల కింద వేసే వాటర్‌ప్రూఫ్ పొర. అది నేలమీదే ఆగిపోకుండా గోడల మీదికీ ఎక్కాలి, మురుగు గొట్టం మూతిదాకా పోవాలి. టైళ్లు మార్చే పని పెట్టుకున్నప్పుడే దీన్ని వేయించాలి. వేశాక, టైళ్లు పరచకముందే, ఒక రోజు నీళ్లు కట్టి కింది గదిలో చూసుకోండి. ఆ ఒక్క రోజు ఆగలేక పని ముగించిన ఇళ్లలో కొత్త టైళ్లు పగలగొట్టవలసి వస్తుంది.

అపోహ: పెచ్చులూడిన స్లాబుకు సిమెంటు పూస్తే బాగవుతుంది.

వాస్తవం: పెచ్చులు ఊడటం చివర కనిపించేది. మొదలు లోపలి చువ్వ దగ్గర. కొత్త కాంక్రీటుకు క్షార గుణం ఎక్కువ, దాని పీహెచ్ 12కు పైనే ఉంటుంది. ఆ క్షారమే చువ్వకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటులోకి ఇంకుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. దానికి తడి కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు, అది తినేసిన ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి అడుగు కాంక్రీటు పగిలి కింద పడుతుంది.

పైన సిమెంటు పూసి మూసేస్తే లోపల తుప్పు ఆగదు. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టి కాంక్రీటు ‘ఠంగు’మంటుంది, విడిపోయినది ‘డబడబ’లాడుతుంది. డబడబలాడే చోటంతా తీసేయాలి. చువ్వ కిందివైపు మాత్రమే కనిపిస్తే చాలదు, దాని వెనుకగా వేలు దూరేంత ఖాళీ వచ్చేదాకా చెక్కాలి. తుప్పు మొత్తం పోయి ఇనుము మెరిసేలా రుద్దాలి. చువ్వ బాగా సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి, ఎంత లావుది, ఎంత పొడవున కట్టాలో స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి. ఆ తర్వాతే చువ్వకు రక్షణ పూత, పాలిమర్ కలిపిన మాలు. పైనుంచి తడి దిగుతుంటే దాన్ని ముందే ఆపి ఉండాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ కింద స్లాబుకు ఆసరాగా పోట్లు పెట్టించుకోండి, ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వవద్దు.

అపోహ: గోడకు పగులు వస్తే ఇల్లు కూలిపోతుంది. దీనికి జంటగా ఇంకొకటి: పగుళ్లు ఏ ఇంట్లోనైనా ఉండేవే.

రెండూ తప్పే. సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు ప్లాస్టరు ఆరుతూ కుంచించుకుపోవడం వల్ల వస్తాయి, వాటితో ఇంటికి ముప్పు లేదు. కాంక్రీటు స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య తిన్నగా వచ్చే చీలిక, ఆ రెండూ ఎండకూ చలికీ వేరువేరుగా కదలడం వల్ల వచ్చేది. అతుకు మీద జాలీ పరిచి ప్లాస్టరు చేస్తే సర్దుకుంటుంది. ఇటుకల అతుకులను పట్టుకుని మెట్లు మెట్లుగా ఏటవాలుగా ఎక్కే పగులు అలాంటిది కాదు. పునాది ఒక పక్క కుంగుతున్నదేమో చూడాలి. స్తంభం, దూలం వెంట చువ్వ పోయిన దారిలోనే పొడవునా వచ్చే పగులు, అందులో తుప్పు రంగు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

అనుమానంగా ఉన్న పగులు రెండు కొనల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. పగులుకు అటూ ఇటూ ఒక్కో చుక్క పెట్టి, మధ్య దూరం కొలిచి రాసుకోండి. నెలకోసారి మళ్లీ కొలవండి. కదలని పగులును పూడ్చుకోవచ్చు. పెరుగుతున్నదాన్ని పూడిస్తే కళ్లముందున్న సాక్ష్యాన్ని చెరిపేసుకున్నట్టే. ఆ గోడలోని తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంటే నెల ఆగవద్దు, ఇంజినీరును పిలవండి.

అపోహ: సిమెంటు ఎంత ఎక్కువ వేస్తే పని అంత గట్టిది.

సిమెంటు మరీ ఎక్కువైన మాలు ఎక్కువ కుంచించుకుని పగుళ్లిస్తుంది. సిమెంటుకు ఎన్ని నీళ్లు కలిపారన్నదే కాంక్రీటు బలాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని అమెరికా పరిశోధకుడు డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే చూపించారు. పలుచగా ఉంటే చేతికి సుళువని మేస్త్రీ ఇంకో చెంబు నీళ్లు పోస్తాడు, ఆ చెంబుతోనే బలం తగ్గుతుంది. ఆరితే సిమెంటు గట్టిపడుతుందనుకోవడం కూడా సరికాదు. నీటితో జరిగే రసాయన చర్య వల్ల అది గట్టిపడుతుంది కాబట్టి కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకూడదు. చిన్న అతుకు పనికి కూడా ఇంతే. అతుకు పనులకే ఎవరూ నీళ్లు పెట్టరు, అందుకే అవే ముందు ఊడతాయి.

అపోహ: ఎంసీబీ ఉంది కాబట్టి షాక్ కొట్టదు.

ఈ వ్యాసం చదివాక ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చు, అది కాపాడేది తీగను. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించిన కరెంటు పారితేనే పడిపోతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో చిన్న భాగం చాలు, అంత కొద్ది కరెంటును ఎంసీబీ పట్టించుకోదు. మనిషికోసం ఉన్నది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది చూస్తుంటుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు వేరే దారిలో, బహుశా ఒక మనిషి ఒంటిగుండా, నేలలోకి పోతున్నదని అర్థం. ఇళ్లలో సాధారణంగా వాడేది 30 మిల్లీఆంపియర్ల తేడాకు పడిపోయే రకం. ఇదే సూత్రంతో పనిచేసే పరికరాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ డాల్జియెల్ 1961లో రూపొందించారు. దానిమీద ‘టెస్ట్’ బొత్తాం ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడండి. పడకపోతే వెంటనే మార్పించండి. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకున్నవారిని ఇది కూడా కాపాడలేదు, అందుచేత మెయిన్ ఆపకుండా తీగలు ముట్టుకోవద్దు.

ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందని దాన్ని తీయించేసిన ఇళ్లున్నాయి. అది సాధారణంగా ఊరికే పడదు. అన్ని పరికరాలనూ ప్లగ్గునుంచి తీసి, ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. ఏది పెట్టగానే పడిపోతుందో లోపం చాలావరకు అందులోనే ఉంటుంది. నీళ్లు కాచే హీటర్లలో ఇది తరచూ దొరుకుతుంది. అలాగే ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని ఎక్కువ ఆంపియర్లది పెట్టించవద్దు. తీగ పాతదే ఉంటుంది, అది గోడలో వేడెక్కుతూనే ఉంటుంది, ఆపేవాడు ఉండడు.

అపోహ: స్తంభాలున్న ఇంట్లో ఏ గోడ కొట్టినా ఏమీ కాదు.

బరువు మోయని గోడలు చాలానే ఉంటాయి, కానీ ఏది మోస్తున్నదో చూడగానే చెప్పలేం. పాత ఇళ్లలో కొంత భాగం స్తంభాల మీద, కొంత గోడల మీద నిలబడి ఉంటుంది. కింది అంతస్తులో గోడలు తీసేసి ఖాళీ చేసిన భవనాలకు భూకంపం వస్తే ఆ అంతస్తుదే ముందు ప్రమాదం. పైపు కోసం దూలానికి చిల్లు పెట్టించడం, అడ్డొచ్చిన చువ్వ కోయించడం అసలు వద్దు.

అపోహ: యాసిడ్, బ్లీచింగ్ కలిపితే ఇంకా శుభ్రంగా పోతుంది.

కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న స్నానాల గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణమూ తీయగలదు. ఒక్క యాసిడ్ వాడినా టైళ్ల మధ్య సిమెంటును తినేసి, పైన చెప్పిన లీకుకు దారి తెరుస్తుంది.

పాత రంగు గోకించేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్త కావాలి. ఏళ్లనాటి రంగుల్లో సీసం ఉండవచ్చు, పొడిగా గోకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరుతుంది. తడిపి గోకించి, పిల్లలనూ గర్భిణులనూ దూరంగా ఉంచండి.

కుళాయిని గట్టిగా తిప్పితే కారడం ఆగుతుందనేది చిన్న అపోహే. లోపలి వాషరు నలిగి కారడం ఇంకా ఎక్కువవుతుంది. వాషరు మార్చడం పది నిమిషాల పని.

చివరగా, పని నడుస్తున్న ఇళ్లవారికి ఒక మాట. గోడలో పైపులు, తీగలు వేశాక ప్లాస్టరుతో మూసేముందు, కొలత టేపును నేలనుంచి గోడకు ఆనించి పట్టుకుని ప్రతి గోడకూ ఫోటో తీయండి. గది పేరు, తేదీ రాసి దాచుకోండి. తర్వాత మేకు కొట్టాలన్నా, లీకు వెతకాలన్నా గోడ తవ్వకముందు ఆ ఫోటోలు చూసుకోవచ్చు.