జెండా మీది గద్ద, గూటిలోని గుడ్డు పెంకు

అమెరికాలో స్థిరపడిన ఒక పాఠకురాలు ఇటీవల ఒక ప్రశ్న పంపారు. 2026 జూలై 4 నాటికి ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకొని 250 ఏళ్లు నిండుతున్న సందర్భంగా తయారైన జెండాల మీద చారలు, నక్షత్రాలతో పాటు తెల్లటి తల, పసుపుపచ్చని ముక్కు గల గద్ద బొమ్మ ఎక్కడ చూసినా కనిపిస్తున్నదనీ, ఆ పక్షి ఒకప్పుడు దాదాపు అంతరించిపోయిందని తమ అబ్బాయి బడిలో విని వచ్చాడనీ, అది నిజమేనా, నిజమైతే కారణమేమిటనీ ఆమె అడిగారు. అలాస్కాను మినహాయిస్తే, నిజమే. కారణం మాత్రం ఆ పక్షి గుడ్డు పెంకులో, మరింత కచ్చితంగా చెప్పాలంటే ఆ పెంకులోకి కాల్షియాన్ని చేరవేసే ఒక ఎంజైములో ఉన్నది. జీవశాస్త్రంలో నాకు ఇంతకంటే ఇష్టమైన వృత్తాంతం మరొకటి లేదు.

బాల్డ్ ఈగిల్ అని పిలిచే ఈ తెల్లతల గద్ద అమెరికా అధికార ముద్రలోకి 1782 జూన్ 20న వచ్చింది. అంతకుముందు మూడు సంఘాలు ఆరేళ్ల పాటు రకరకాల నమూనాలు ఆలోచించినా ఏదీ నిలవలేదు. చివరకు ఆ దేశపు చట్టసభ అయిన కాంగ్రెస్‌కు కార్యదర్శి చార్లెస్ థామ్సన్ ఈ పక్షిని మధ్యలో నిలిపి, దాని కుడికాలికి ఆలివ్ కొమ్మను, ఎడమకాలికి 13 బాణాలను అందించాడు. చేపల గద్ద పట్టిన చేపను లాక్కుని తినే పక్షికి శీలం లేదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో తన కుమార్తెకు రాసిన లేఖలో ఆక్షేపించాడు. అది లాక్కుని తినే మాట వాస్తవమే, కానీ శీలాన్ని పక్షులకు అంటగట్టడం వల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. చిత్రమేమిటంటే, ముద్రల మీద, నాణేల మీద, జెండాల మీద రెండు శతాబ్దాలకు పైగా ఉన్న ఈ గద్ద చట్టరీత్యా ఆ దేశపు జాతీయ పక్షి అయింది 2024 డిసెంబరులో మాత్రమే.

ముద్ర మీద చోటు దొరికినంత మాత్రాన పక్షికి రక్షణ దొరకలేదు. గద్దలు గొర్రెపిల్లలను, చివరకు పసిపిల్లలను కూడా ఎత్తుకుపోతాయన్న నమ్మకం ఆ దేశంలో చాలాకాలం బలంగా ఉండేది. నాలుగు నుంచి ఆరు కిలోల బరువుండే పక్షి తన బరువులో సగం మోయడానికే ఆయాసపడుతుంది. పసిబిడ్డను ఎత్తుకొని ఎగరడం దానికి సాధ్యం కాదు. అయినా ఆ నమ్మకం తుపాకులు పేల్చింది. అలాస్కాలో సాల్మన్ చేపల వ్యాపారానికి పోటీ అని చెప్పి 1917 నుంచి 1953 వరకు చంపిన ఒక్కో గద్దకు ప్రభుత్వమే బహుమానం చెల్లించగా, లక్షకు పైగా పక్షులు హతమయ్యాయి. మిగిలిన రాష్ట్రాల్లో వాటిని చంపడాన్ని నిషేధిస్తూ 1940లో కాంగ్రెస్ చట్టం చేసింది. తుపాకి ఆగింది కనుక పక్షులు పెరగాలి. పెరగలేదు.

ఇక్కడే జెండా మీది బొమ్మను కాస్త జాగ్రత్తగా చూడాలి. ఆ బొమ్మలో ఎప్పుడూ ఎదిగిన గద్దే ఉంటుంది. గూడు విడిచిన పిల్ల గద్ద తల నుంచి తోక దాకా గోధుమరంగులో, అక్కడక్కడ తెల్లటి మచ్చలతో ఉంటుంది. ముక్కు కూడా నల్లగానే ఉంటుంది. ఏటా ఈకలు రాలి కొత్తవి వస్తూ, తలా తోకా పూర్తిగా తెల్లబడటానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఎదిగాక ఆ పక్షి ఇరవై, ముప్పై ఏళ్లు బతకగలదు. ఈ రెండు విషయాలనూ కలిపి ఆలోచిస్తే ఒక ప్రమాదం బయటపడుతుంది. ఒక ప్రాంతంలోని గద్దలన్నీ పిల్లలను కనడం మానేసినా, పదేళ్ల తర్వాత కూడా ఆకాశంలో తెల్లతల గద్దలు హుందాగా తిరుగుతూనే ఉంటాయి. జెండాలో చూసిన పక్షి కళ్లెదుట కనబడుతున్నంత కాలం అంతా సవ్యంగానే ఉందని జనం అనుకుంటారు. లేనివి గోధుమరంగు పిల్లలు. లేని పక్షిని గమనించాలంటే ఏళ్ల తరబడి లెక్క రాసుకున్నవాళ్లు కావాలి.

అలాంటి వాళ్లు ఉన్నారు. కెనడాలో బ్యాంకు ఉద్యోగం చేసి విరమించిన చార్లెస్ బ్రోలీ, 1939 నుంచి ఫ్లోరిడాలో ఎత్తైన చెట్లెక్కి గద్దపిల్లల కాళ్లకు గుర్తింపు కడియాలు వేస్తూ వచ్చాడు; 1940ల చివరికి గూళ్లు ఖాళీగా కనిపించసాగాయి, 1958లో ఆయనే కారణం డీడీటీ అనే పురుగుమందు కావచ్చునని రాశాడు. పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్ కొండ మీదుగా వలసపోయే గద్దల్లో 1935–39 మధ్య 40 శాతం పిల్లలు కాగా, 1955–59 మధ్య 20 శాతమేనని అక్కడి లెక్కలు చూపాయి. రచయిత్రి రేచల్ కార్సన్ 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' అనే పుస్తకంలో ఈ అంకెలనే దేశం ముందుంచింది. మరుసటి ఏడాది అలాస్కా, హవాయి కాక మిగిలిన 48 రాష్ట్రాల్లో లెక్కిస్తే గూడు కట్టిన జంటలు 417 తేలాయి.

ఇక కారణానికి వద్దాం. పంట పొలాల మీద, చిత్తడి నేలల మీద చల్లిన డీడీటీ ఒక హైడ్రోజన్‌ను, ఒక క్లోరిన్‌ను కోల్పోయి డీడీఈ అనే పదార్థంగా మారుతుంది. ఇది నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో సుఖంగా కరుగుతుంది, శరీరం నుంచి అంత త్వరగా బయటకు పోదు. అందువల్ల సూక్ష్మజీవుల నుంచి చిన్న చేపలకు, వాటి నుంచి పెద్ద చేపలకు, వాటి నుంచి పక్షులకు పోయేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్ ఉప్పు చిత్తడి గురించి 1967లో ప్రచురితమైన కొలతల్లో, డీడీటీ జాతి పదార్థాలు నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాల్లో పది లక్షలకు 0.04 వంతు ఉండగా, ఒక జాతి సముద్రపు కాకిలో 75 వంతుల దాకా ఉన్నాయి. జైవిక వృద్ధీకరణం పేరుతో పాఠ్యపుస్తకాల్లో పిరమిడ్ బొమ్మగా ఉండేది ఇదే. ఆ పిరమిడ్ కింద "దీనివల్ల గుడ్డు పెంకు పలుచబడుతుంది" అన్న ఒక్క వాక్యంతో పాఠం ముగుస్తుంది. పిల్లవాడు దాన్ని అలాగే రాసి మార్కులు తెచ్చుకుంటాడు. కొవ్వులో దాక్కున్న విషం పెంకు జోలికి ఎందుకు పోవాలి అని ఒక్క పిల్లవాడు అడిగినా ఆ పాఠానికి ప్రాణం వస్తుంది. అసలు శాస్త్రం అక్కడే మొదలవుతుంది కనుక ఇంకాస్త లోపలికి వెళదాం.

గుడ్డు పెంకు దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేట్. పక్షి అండవాహిక చివరి భాగంలో పెంకు గ్రంథి ఉంటుంది. సొన, దాని చుట్టూ పలుచని పొరలు సిద్ధమైన గుడ్డు అక్కడికి చేరి ఆగుతుంది; కోడిలోనైతే సుమారు 20 గంటలు. ఆ వ్యవధిలోనే పెంకు మొత్తం పేరుకోవాలి. ఆ గ్రంథిలో కాల్షియం నిల్వలేమీ ఉండవు. అంతా అప్పటికప్పుడు రక్తం నుంచి రావాలి. గ్రంథి కణంలోకి ఒక వైపు నుంచి ప్రవేశించిన కాల్షియం అయాన్‌ను కాల్బిండిన్ అనే ప్రోటీను అందుకొని అవతలి అంచుకు చేరుస్తుంది. అక్కడ కాల్షియం ఏటీపేజ్ అనే ఎంజైము, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులోని శక్తిని ఖర్చుపెట్టి, దాన్ని గుడ్డు ఉన్న కుహరంలోకి నెడుతుంది. అదే సమయంలో కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే మరో ఎంజైము కార్బన్ డయాక్సైడ్, నీరు కలిపి బైకార్బొనేట్‌ను తయారు చేస్తుంది. ఈ రెండూ కుహరంలో కలిసినప్పుడే కాల్సైట్ అనే కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పెరుగుతాయి.

డీడీఈ దెబ్బ తీసేది నెట్టే పని చేసే ఏటీపేజ్‌ను. బావి నిండా నీళ్లున్నాయి, కరెంటు ఉంది, పైపులు బాగున్నాయి, కానీ మోటారు మాత్రం నీరసంగా తిరుగుతున్నదనుకోండి; బావిలో నీటి మట్టం తగ్గదు, డాబా మీది ట్యాంకు మాత్రం నిండదు. ఈ పోలిక అలంకారం కోసం చెప్పినది కాదు, ప్రయోగశాలలో కొలిచిన స్థితి అచ్చంగా ఇదే. డీడీఈ తిన్న బాతుల్లో రక్తంలోని కాల్షియం తగ్గలేదు, పెంకు గ్రంథి గోడ కణాల్లో కాల్షియం పెరిగింది, కుహరంలో తగ్గింది. ట్యాంకు నిండలేదని గుడ్డు అదనంగా ఆగదు. వేళ కాగానే, ఎంత పెంకు పేరుకుంటే అంతటితో బయటకు వచ్చేస్తుంది. ఇందులో ఇంకో మెట్టు కూడా ఉంది: కాల్షియాన్ని, బైకార్బొనేట్‌ను కుహరంలోకి పంపమని కణాలను పురికొల్పే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని కూడా డీడీఈ ఆ గ్రంథిలో అణచివేస్తుంది. అంటే మోటారు నీరసించడమే కాక, దాన్ని తిప్పమనే ఆదేశమూ బలహీనపడుతుంది. కోళ్లలో ఈ అణచివేత జరగదు. వాటి పెంకులు డీడీఈకి పెద్దగా లొంగవు. ఒక జాతి మీద పరీక్షించి పక్షులన్నింటికీ క్షేమమని తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి గ్రహించవచ్చు. 1969లో మేరీలాండ్‌లోని పటక్సెంట్ పరిశోధన కేంద్రంలో చిన్న డేగల మీద ప్రయోగం చేశాకే వేటపక్షుల విషయంలో సందేహం తీరింది.

పెంకు బలం సుమారుగా దాని మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. మందం 20 శాతం తగ్గితే బలం 80 శాతానికి కాదు, 64 శాతానికి పడిపోతుంది. ఆ గుడ్డు మీద తల్లీ తండ్రీ వంతులవారీగా 35 రోజులు కూర్చోవాలి. పొదగడానికి కూర్చున్న తల్లే గుడ్డును చిదిపేసే స్థితి అలా ఏర్పడింది. చిదగని గుడ్లలో కూడా కొన్నింటి నుంచి నీరు త్వరగా ఆవిరై, కొన్నింటిలో విషం నేరుగా తగిలి పిండాలు చనిపోయాయి. గుడ్డులో డీడీఈ పది లక్షలకు 3 వంతుల లోపుంటే గద్దలు ఇంచుమించు మామూలుగా పిల్లలను కన్నాయనీ, 15 వంతులు దాటితే దాదాపు ఏమీ కనలేదనీ తర్వాతి పరిశోధనల్లో తేలింది.

మందం తగ్గిందని చెప్పాలంటే ముందు ఎంత ఉండేదో తెలియాలి. దానికి ఆధారం అనుకోని చోట దొరికింది. 19వ శతాబ్దం నుంచి గుడ్లు సేకరించడం బ్రిటన్‌లో, అమెరికాలో ఒక సరదాగా ఉండేది. సొన తీసేసిన ఖాళీ పెంకులు, తేదీలు, ఊళ్ల పేర్లతో సహా మ్యూజియం పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. 1967లో బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్, మరుసటి ఏడాది అమెరికాలో జోసెఫ్ హిక్కీ, డేనియల్ ఆండర్సన్ ఆ పెంకులను తూచి, కొలిచి చూశారు. దశాబ్దాల తరబడి మారని పెంకు 1947 ప్రాంతంలో ఒక్కసారిగా పలుచబడింది. డీడీటీ మార్కెట్‌లోకి వచ్చిన కాలం ఇంచుమించు అదే.

అమెరికాలో డీడీటీ వాడకాన్ని 1972లో నిషేధించారు. 1974లో ఆ 48 రాష్ట్రాల్లో 791 జంటలు ఉన్నాయి. అంటే 1976లో దేశమంతా 200 ఏళ్ల పండుగ జెండాలు ఎగురవేసినప్పుడు, ఆ రాష్ట్రాల్లో జెండాల మీది పక్షి జంటలు వెయ్యికి అటూ ఇటూగా మాత్రమే ఉన్నాయి. 2007లో 9,789 జంటల లెక్కతో దాన్ని ఆపదలో ఉన్న జాతుల జాబితా నుంచి తొలగించారు. 2018–19 అంచనాల ప్రకారం గద్దలున్న గూళ్లు 71,000 పైచిలుకు, మొత్తం పక్షులు 3,16,700. రెండు వార్షికోత్సవాల మధ్య యాభై ఏళ్లలో ఇంత తేడా రావడం నాకు ఆ ముద్ర చరిత్ర మొత్తం కంటే గొప్ప విషయంగా తోస్తుంది.

అన్నిచోట్లా కోలుకోవడం ఇంత సులువుగా జరగలేదు. లాస్ ఏంజెలెస్ దగ్గరి ఒక డీడీటీ కర్మాగారపు వ్యర్థాలు మురుగు కాలువల ద్వారా సముద్రపు అడుగుకు చేరాయి. పక్కనే ఉన్న కాటలీనా ద్వీపంలో 1980లో గద్దలను మళ్లీ వదిలితే, అవి ఆ సముద్రపు ఆహారం తిని చిదిగిపోయే గుడ్లే పెట్టాయి. శాస్త్రజ్ఞులు గూళ్ల నుంచి గుడ్లు తీసి, కృత్రిమంగా పొదిగించి, పిల్లలను మళ్లీ గూళ్లలో పెట్టేవారు. కాటలీనాలో మనిషి సాయం లేకుండా గుడ్డు పిల్ల కావడానికి 2007 దాకా పట్టింది.

డీడీటీ పేరు వినగానే మన ఊళ్లలో మలేరియా సిబ్బంది ఇంటి గోడలకు కొట్టిన మందు గుర్తుకొచ్చే తెలుగువారు చాలామంది ఉంటారు. ఆ మందు ఎన్నో ప్రాణాలు కాపాడింది. దోమల నివారణకు దాని పరిమిత వాడకాన్ని అంతర్జాతీయ ఒప్పందం నేటికీ అనుమతిస్తున్నది. గోడ మీద గ్రాముల లెక్కన కొట్టడం వేరు, విమానాల నుంచి పొలాల మీద టన్నుల కొద్దీ చల్లడం వేరు. అయితే మన కోస్తా తీరంలో తిరిగే తెల్లపొట్ట సముద్రపు గద్ద కూడా అమెరికా గద్దకు దగ్గరి బంధువే, ఎక్కువగా చేపల మీద బతుకుతుంది. కనుక పెంకు గురించి తెలుసుకున్నది మనకు పరాయి విషయం కాదు.

ఇప్పుడు ఆ పక్షికి ఉన్న ముప్పు మళ్లీ కాల్షియంతో ముడిపడినదే. వేటగాళ్లు కాల్చి వదిలేసిన జంతువుల కళేబరాల్లో సీసపు తూటా ముక్కలు ఉంటాయి. చలికాలంలో గద్దలు వాటిని తింటాయి. సీసపు అయాన్‌ను శరీరం కాల్షియంగా పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది, నరాల్లో కాల్షియం చేయవలసిన పనికి అది అడ్డుపడుతుంది. 38 రాష్ట్రాల నుంచి సేకరించిన 1,210 గద్దలను పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఎముకలు పరీక్షించిన తెల్లతల గద్దల్లో సుమారు సగానికి దీర్ఘకాలిక సీసపు విషం ఉన్నట్లు, దానివల్ల వాటి సంఖ్య పెరిగే వేగం ఏటా 3.8 శాతం మేర తగ్గుతున్నట్లు తేలింది. రాగి తూటాలు వాడితే ఈ నష్టం ఉండదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది.