పదిహేనేళ్ల పిల్లాడిలో పాతికేళ్ల ప్లేయర్‌ని వెతకడం: ఐస్ హాకీ స్కౌటింగ్ వెనకున్న వయసు గొడవ

మొన్న చలికాలంలో మా కొలీగ్ వాళ్ల అబ్బాయి మ్యాచ్ ఉందంటే కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ఐస్ రింక్‌కి వెళ్లా, పొద్దున ఆరున్నరకి. బయట ఎముకలు కొరికే చలి, లోపల కూడా పెద్ద తేడా ఏం లేదు, చేతిలో టిమ్ హార్టన్స్ కాఫీ లేకపోతే అక్కడే గడ్డకట్టేవాడిని (ఆ టిమ్ హార్టన్ కూడా హాకీ ప్లేయరే, 1974లో కార్ యాక్సిడెంట్‌లో పోయాడు, అది వేరే కథ). కాసేపయ్యాక మావాడు మోచేత్తో పొడిచి "అన్నా, ఆ మూల నల్ల జాకెట్ వేసుకుని నిలబడ్డాడు చూడు, ఆయన స్కౌట్ అంట" అన్నాడు, చెవిలో, ఏదో ఇన్‌కమ్ టాక్స్ రెయిడ్ పడ్డట్టు. స్కౌట్ అంటే టీమ్స్ కోసం పనికొచ్చే కుర్రాళ్లని వెతికిపెట్టేవాడు.

ఇక నేను మ్యాచ్ మానేసి ఆయన్నే చూడ్డం మొదలుపెట్టా. పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఒకవైపు ఉంటే ఆయన చూపు ఇంకోవైపు ఉంది. ఒక కుర్రాడు పక్ పోగొట్టుకున్నాడు, అందరం పక్ వెళ్లినవైపు తలతిప్పాం, ఈయన మాత్రం ఆ పోగొట్టుకున్నవాడినే చూస్తున్నాడు, వాడు వెంటనే వెనక్కి తిరిగి వెంటాడతాడా లేక రెఫరీ వైపు చేతులు చాపి నిలబడతాడా అని. వాడు నిలబడ్డాడు. ఈయన జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో గీకాడు. బ్రేక్‌లో క్యాంటీన్ దగ్గర ధైర్యం చేసి అడిగితే, గోల్స్ ఎన్ని కొట్టాడో స్కోర్‌షీట్‌లోనే ఉంటుంది కదా, దానికోసం నేను నాలుగింటికి లేచి డ్రైవ్ చేసుకుంటూ రావాలా అన్నాడు.

ఆ రింక్‌లో ఉన్న పిల్లలకి పదిహేనేళ్లు. ఇక్కడ అంటారియోలో ఆ వయసువాళ్లని జూనియర్ లీగ్ టీమ్స్ డ్రాఫ్ట్‌లో తీసుకుంటాయి, తర్వాత రెండు మూడేళ్లు అక్కడ ఆడితే పద్దెనిమిదికి అసలు డ్రాఫ్ట్, అంటే అమెరికా, కెనడాల పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌ది. మన ఐపీఎల్ ఆక్షన్‌లాగా ప్యాడిల్ ఎత్తి కోట్లు అరవడం ఉండదు, టీమ్స్ వరసగా ఒక్కో పేరు చెప్పుకుంటూ పోతాయి, చెత్తగా ఆడిన టీమ్‌కి దాదాపుగా ముందు ఛాన్స్. 32 టీమ్స్, 7 రౌండ్లు, మొత్తం 224 పేర్లు. వాళ్లలో చాలామంది ఎన్‌హెచ్‌ఎల్‌లో సరిగ్గా ఒక్క సీజన్ కూడా ఆడరు. ఇదంతా ఎందుకిలా తయారైంది అని వెనక్కి తవ్వుకుంటూ పోతే నాకు అర్థమైంది ఏంటంటే ఈ స్కౌటింగ్ చరిత్రంతా ఒకే గొడవ, పిల్లాడి మీద చెయ్యి ఏ వయసులో వెయ్యొచ్చు అనేది.

మొదట్లో అసలు రూలే లేదు. 1943లో గోర్డీ హౌ అనే పదిహేనేళ్ల సస్కాచెవాన్ కుర్రాడిని న్యూయార్క్ రేంజర్స్ వాళ్లు విన్నిపెగ్‌లో క్యాంప్‌కి పిలిపించారు, వాడు ఇంటిమీద బెంగ పెట్టుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడు డెట్రాయిట్ వాళ్లు పట్టుకున్నారు, వాడు అడిగిందల్లా ఒక టీమ్ జాకెట్. ఆ జాకెట్‌తో వచ్చిన కుర్రాడు తర్వాత పాతికేళ్లు డెట్రాయిట్‌కే ఆడాడు.

అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరు టీమ్సే. ఒక్కో టీమూ ఊళ్లలో జూనియర్ క్లబ్బులకి డబ్బులిచ్చి స్పాన్సర్ చేసేది, అక్కడ ఆడే పిల్లల మీద హక్కులన్నీ దానివే. దీనికి తోడు సీ-ఫార్మ్ అని ఒక కాగితం. దానిమీద పిల్లాడు సంతకం పెడితే, మైనర్ అయితే అమ్మానాన్నా పెడితే, ఇక వాడి హాకీ జీవితం ఆ టీమ్‌దే, టీమ్ వదిలేస్తే తప్ప వాడికి బయటికి దారి లేదు. చేతిలో పడేది ఏదో కొద్దిపాటి సొమ్ము. మన పల్లెల్లో పాలేరు కుదుర్చుకున్నప్పుడు బయానా ఇచ్చేవాళ్లే, నాకు అదే గుర్తొచ్చింది, కాకపోతే అది ఏడాదికి, ఇది జీవితానికి.

బాబీ ఓర్ కథ చెప్తే ఈ పద్ధతి మొత్తం అర్థమవుతుంది. 1961లో బోస్టన్ బ్రూయిన్స్ పెద్దలు గననోక్ అనే చిన్న ఊరికి ఇద్దరు లోకల్ కుర్రాళ్లని చూద్దామని వచ్చారు. అవతలి టీమ్ ప్యారీ సౌండ్ నుంచి వచ్చింది, అందులో ఒక బక్కపల్చటి చిన్నోడు, ఒంటికి సరిపోని డ్రెస్ వేసుకుని, పక్ ఎవరికీ ఇవ్వకుండా రింకంతా తిప్పుతున్నాడు. చూడ్డానికి వచ్చిన ఇద్దరినీ మర్చిపోయారు. మిగతా టీమ్స్‌కి అనుమానం రాకుండా బ్రూయిన్స్ వాళ్లు ప్యారీ సౌండ్ పిల్లల హాకీకి డబ్బులు ఇవ్వడం మొదలుపెట్టి, వాళ్లింటికి రాకపోకలు సాగించి, చివరికి 1962లో పద్నాలుగేళ్ల వాడి చేత సీ-ఫార్మ్ మీద సంతకం పెట్టించారు. బేరంలో కారుతో పాటు ఇంటి గోడలకి స్టకో పూత కూడా ఉంది. ప్రపంచంలోనే గొప్ప డిఫెన్స్‌మన్ అనిపించుకున్నవాడిని గోడకి పూతేసి సంపాదించారన్నమాట, పెళ్లి సంబంధానికి కూడా మనవాళ్లు ఇంతకంటే ఎక్కువే అడుగుతారు.

ఈ దోపిడీ మరీ ఎక్కువైపోయిందని, డబ్బున్న మాంట్రియల్, టొరంటోలే పిల్లలందర్నీ ఊడ్చుకుపోతున్నాయని, 1963 జూన్ 5న మాంట్రియల్‌లోని క్వీన్ ఎలిజబెత్ హోటల్లో మొదటి డ్రాఫ్ట్ పెట్టారు. తీసుకున్నది 21 మందిని. మొదటి పేరు గ్యారీ మోనహన్, వయసు పదహారు. చప్పట్లు లేవు, స్టేజ్ లేదు, టీవీ లేదు. అప్పటికే మంచి కుర్రాళ్లందరూ స్పాన్సర్ క్లబ్బుల చేతుల్లో ఉండిపోయారు కాబట్టి డ్రాఫ్ట్‌కి మిగిలింది అడుగూ బొడుగూ, 1965లో అయితే మొత్తం కలిపి 11 మందినే తీసుకున్నారు. స్పాన్సర్‌షిప్ పద్ధతి పూర్తిగా పోయి అందరూ ఒకే గంపలోకి వచ్చింది 1969లో. అప్పటికి వయసు కూడా ఇరవైకి పెంచేశారు, నా దృష్టిలో స్కౌట్లకి అదే స్వర్ణయుగం, ఇరవై ఏళ్లొచ్చాక మనిషి ఎత్తు, బరువు, బుద్ధి అన్నీ దాదాపు బయటపడిపోతాయి.

అది ఎక్కువ కాలం ఉండలేదు. 1972లో డబ్ల్యుహెచ్‌ఏ అని పోటీ లీగ్ మొదలైంది, ఎన్‌హెచ్‌ఎల్ తీసుకోలేని చిన్న వయసు కుర్రాళ్లని అది ఎగరేసుకుపోవడం మొదలుపెట్టింది. ఈ భయంతోనే 1974 డ్రాఫ్ట్‌ని రహస్యంగా ఫోన్లలో నడిపారు, రోజుల తరబడి సాగింది, బఫలో మేనేజర్ పంచ్ ఇమ్లాక్‌కి ఒళ్లుమండి 183వ పిక్‌కి తారో త్సుజిమోతో అనే జపాన్ ప్లేయర్ పేరు చెప్పాడు, టోక్యో కటానాస్ టీమ్ అని కూడా కలిపాడు. లీగ్ వాళ్లు బుద్ధిగా రాసుకున్నారు. అలాంటి మనిషీ లేడు, అలాంటి టీమూ లేదు. ఆరోజుల్లో స్కౌటింగ్ ఎంత గాల్లో నడిచేదో చెప్పడానికి ఇదొక్కటి చాలు. మరుసటేడు 1975లో లీగే అన్ని టీమ్స్‌కీ కలిపి సెంట్రల్ స్కౌటింగ్ అని ఆఫీస్ పెట్టింది, ఇప్పుడు మనం చూసే ర్యాంకింగ్ లిస్టులు దాన్నుంచే వస్తాయి.

1978లో డబ్ల్యుహెచ్‌ఏ టీమ్ ఇండియానాపొలిస్ పదిహేడేళ్ల వేన్ గ్రెట్జ్‌కీని తీసుకుని 8 మ్యాచ్‌లు ఆడించి ఎడ్మంటన్‌కి అమ్మేసింది. అంటే హాకీలో అందరికంటే పెద్ద పేరు అసలు డ్రాఫ్ట్‌లోకే రాలేదు. ఎన్‌హెచ్‌ఎల్‌కి ఇక తప్పలేదు, 1979లో ఆ లీగ్‌లోంచి నాలుగు టీమ్స్‌ని కలిపేసుకుని, డ్రాఫ్ట్ వయసు తగ్గించి, 1980కల్లా పద్దెనిమిదికి తెచ్చింది. ఇదేదో పిల్లల ఎదుగుదల మీద స్టడీ చేసి పెట్టిన నంబర్ అనుకుంటారు చాలామంది, కాదు, పోటీవాడు ఎగరేసుకుపోతాడేమో, ఎవరైనా కోర్టుకెక్కుతారేమో అని పెట్టిన నంబర్.

పద్దెనిమిది అనగానే అసలు తంటా మొదలైంది. స్కౌట్ చూసేది పదహారు పదిహేడేళ్ల పిల్లాడిని, చెప్పాల్సింది పాతికేళ్లకి ఏమవుతాడో. ఒట్టావా టీమ్ 1993లో అలెగ్జాండర్ డేగ్‌ని మొదటి పిక్‌గా తీసుకుని ఐదేళ్లకి 12.25 మిలియన్ డాలర్లు రాసిచ్చింది. రెండో నంబర్ ఎవరికీ గుర్తుండదు అన్న అర్థంలో ఏదో అన్నాడు ఆ కుర్రాడు. రెండో నంబర్ క్రిస్ ప్రాంగర్, తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్. నాలుగో నంబర్ పాల్ కరియా, ఆయనా హాల్ ఆఫ్ ఫేమే. డేగ్ మొత్తం కెరీర్‌లో 129 గోల్స్ కొట్టాడు. ఆయన కాంట్రాక్ట్ చూసి బెదిరిపోయే లీగ్ కొత్త కుర్రాళ్ల జీతాలకి పరిమితి పెట్టింది, కావాలని ఓడిపోయి మొదటి పిక్ కొట్టేస్తున్నారన్న గొడవకి 1995 నుంచి లాటరీ పెట్టింది.

పుట్టినరోజు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. కెనడాలో పిల్లల హాకీకి కటాఫ్ జనవరి 1. ఎనభైల్లో రోజర్ బార్న్‌స్లీ అనే సైకాలజిస్ట్ లెత్‌బ్రిడ్జ్‌లో జూనియర్ మ్యాచ్‌కి వెళ్తే, ఆయన భార్య ప్రోగ్రామ్ పుస్తకంలో ప్లేయర్ల పుట్టిన తేదీలు చూసి, ఇదేంటి అందరూ జనవరి ఫిబ్రవరి మార్చిలోనే పుట్టారు అంది. లెక్కలు తీస్తే నిజమే. ఎనిమిదేళ్ల వయసులో జనవరి పిల్లాడు డిసెంబర్ పిల్లాడి కంటే దాదాపు ఏడాది పెద్ద, ఒళ్లూ బలం ఎక్కువ, వాడే సెలెక్ట్ అవుతాడు, వాడికే మంచి కోచ్, వాడికే ఎక్కువ ఐస్ టైమ్, పదిహేనేళ్లకి నిజంగానే వాడు బెటర్ అయి కూర్చుంటాడు. మనవాళ్లు స్కూల్లో చేర్చేటప్పుడు హెడ్మాస్టర్ గారు జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేసేవారు కదా, ఆ లెక్కన మన ఊరోళ్లతో హాకీ లీగ్ పెడితే అందరూ ఒకే రోజు పుట్టినవాళ్లే. తర్వాత 2013లో ఇంకో స్టడీ వచ్చింది, 1980 నుంచి 2007 దాకా డ్రాఫ్ట్ అయినవాళ్లని చూస్తే, ఏడాది చివర్లో పుట్టినవాళ్లని టీమ్స్ ఆలస్యంగా తీసుకున్నాయి కానీ వాళ్లే ఎక్కువ బాగా ఆడారు అని. అంటే తప్పు జరుగుతోందని తెలిసీ స్కౌట్ కన్ను ఎదిగిన ఒంటి దగ్గరే ఆగిపోతోంది.

ఎన్‌హెచ్‌ఎల్ కటాఫ్ ఇంకోటి, సెప్టెంబర్ 15, ఆ రోజుకి పద్దెనిమిది నిండాలి. రష్యా స్టార్ ఒవెచ్‌కిన్ పుట్టింది 1985 సెప్టెంబర్ 17. రెండు రోజుల తేడాతో 2003 డ్రాఫ్ట్ పోయింది. ఫ్లోరిడా పాంథర్స్ వాళ్లు ఊరుకోలేదు, లీప్ సంవత్సరాల రోజులు లెక్కేస్తే వాడికి పద్దెనిమిది నిండినట్టే అని వాదించి పేరు చెప్పబోయారు, అచ్చం అధిక మాసం పట్టుకుని ముహూర్తం జరిపే పురోహితుడిలాగా. లీగ్ ఒప్పుకోలేదు. మరుసటేడు వాషింగ్టన్ మొదటి పిక్‌గా తీసుకుంది, 2025 ఏప్రిల్‌లో ఆయన గ్రెట్జ్‌కీ గోల్స్ రికార్డు దాటాడు. ఆస్టన్ మాథ్యూస్‌ది కూడా సెప్టెంబర్ 17, ఆ ఖాళీ ఏడాది జ్యూరిక్ వెళ్లి పెద్దవాళ్లతో ఆడి వచ్చాడు, 2016లో టొరంటో మొదటి పిక్.

ఆలస్యంగా ఎదిగేవాళ్లని పట్టుకోవడం అసలైన స్కౌట్ పని అంటాన్నేను. డెట్రాయిట్ యూరప్ స్కౌట్ హోకన్ ఆండర్సన్ మాస్కోకి వెళ్లింది కాలినిన్ అనే డిఫెన్స్‌మన్ కోసం, కళ్లు మాత్రం అవతలి టీమ్‌లో ఒక చిన్నపాటి కుర్రాడి మీద పడ్డాయి. తర్వాత పెద్ద స్టార్ అయిన పావెల్ డట్సుక్, అప్పటికే రెండు డ్రాఫ్టుల్లో ఎవరూ పట్టించుకోలేదు. 1998లో 171వ పిక్. మరుసటేడు అదే ఆండర్సన్ చెప్తే 210వ పిక్‌గా ఇంకో స్టార్, జెటర్‌బర్గ్. గననోక్‌లో జరిగిందే మళ్లీ మాస్కోలో జరిగింది, వెళ్లింది ఒకరి కోసం, దొరికింది ఇంకొకరు.

ఇప్పుడు దానికి తోడు కంబైన్ అని ఫిట్‌నెస్ టెస్టులు. 2014లో శామ్ బెన్నెట్ ఒక్క పుల్-అప్ కూడా తియ్యలేకపోయాడు, దేశమంతా నవ్వింది. కాల్గరీ అయినా నాలుగో పిక్‌గా తీసుకుంది. 2025లో ఫ్లోరిడా కప్పు కొట్టినప్పుడు ప్లేఆఫ్స్ మొత్తానికి బెస్ట్ ప్లేయర్ ట్రోఫీ ఆయనకే వచ్చింది. కోవిడ్‌లో అయితే అంటారియో జూనియర్ లీగ్ 2020-21 సీజన్ మొత్తం క్యాన్సిల్, స్కౌట్లు ఇంట్లో కూర్చుని పాత వీడియోలు చూడ్డమే. వయట్ జాన్‌స్టన్ ఆ ఏడాది ఆడిన చెప్పుకోదగ్గ మ్యాచ్‌లు అండర్-18 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లోవే, అది జరిగింది ఎక్కడనుకున్నారు, టెక్సస్‌లో, ఫ్రిస్కో, ప్లేనోల్లో! మనవాళ్లు సగం మంది ఉండే చోటే, ఒక్కరైనా వెళ్లి చూశారో లేదో. డాలస్ స్టార్స్ ఆఫీస్ కూడా ఫ్రిస్కోలోనే, వాళ్లు 23వ పిక్‌గా తీసుకున్నారు, మొదటి ఎన్‌హెచ్‌ఎల్ సీజన్‌లోనే 24 గోల్స్.

ఇంత అనుభవం తర్వాత వయసు పైకి వెళ్తుందనుకుంటాం కదా, కిందికే దిగుతోంది. మరీ టాలెంట్ ఉన్న పిల్లల్ని ఒక ఏడాది ముందే జూనియర్‌లోకి రానిచ్చే ఎక్సెప్షనల్ స్టేటస్ 2005లో జాన్ టవారెస్‌తో మొదలైంది, తర్వాత మెక్‌డేవిడ్, బెడార్డ్ ఆ దారిలోనే వచ్చారు. కానీ అదే ముద్ర పడిన షాన్ డే 81వ పిక్ దాకా జారాడు, మొదటి నంబర్ అని ఏళ్ల తరబడి ఊదరగొట్టిన షేన్ రైట్ 2022లో నాలుగోవాడయ్యాడు. ఇంకోవైపు 2024 నవంబర్‌లో అమెరికా కాలేజ్ హాకీ రూల్ మార్చి జూనియర్ లీగ్ కుర్రాళ్లకి తలుపులు తీసింది, దాంతో గావిన్ మెకెన్నా అనే కుర్రాడు మెడిసిన్ హ్యాట్ అనే ఊరి జూనియర్ టీమ్ వదిలి పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు, స్కౌట్ల డ్రైవింగ్ మ్యాప్ మళ్లీ మారింది. అదే 2024లో లాండన్ డ్యూపాంట్ అనే డిఫెన్స్‌మన్ పదిహేనేళ్లకే ఎక్సెప్షనల్ స్టేటస్‌తో ఎవరెట్ టీమ్‌లో చేరాడు. 2027 దాకా ఏ ఎన్‌హెచ్‌ఎల్ టీమూ వాడి పేరు పిలవడానికి లేదు, కానీ ఎక్కడ ఆడినా ఆ రింక్ మూలలో నల్ల జాకెట్లు నిలబడే ఉంటాయి, వాడు పక్ పోగొట్టుకున్న ప్రతిసారీ నోట్‌బుక్ తీస్తూ.