విట్నీ ప్లాంటేషన్: బానిసల కథ చెప్పడానికి ఇంత ఆలస్యం ఎందుకైంది?

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లీన్స్ నుంచి మిసిసిపీ నది వెంట ఎగువకు వెళ్తుంటే పెద్ద పెద్ద స్తంభాల మేడలు కనిపిస్తాయి. ఒకప్పటి చెరకు ప్లాంటేషన్ యజమానుల ఇళ్లవి. చాలాకాలం అక్కడి గైడ్లు టూరిస్టులకు చూపించింది ఫర్నిచరు, షాండ్లియర్లు, దొరసానుల గౌన్లే. కొన్నింటిని పెళ్లిళ్లకూ అద్దెకిచ్చారు. చెరకు నరికిన బానిసల ప్రస్తావన ఒకటి రెండు మాటల్లో తేలిపోయేది. వాలస్ దగ్గరున్న విట్నీ ప్లాంటేషన్ 2014 డిసెంబరులో మ్యూజియంగా తెరుచుకుని ఈ వరసను తిరగేసింది. అక్కడ టూరు నడిచేది బానిసల వైపు నుంచే.

ఈ ఎస్టేటు 1752లో ఆంబ్రోజ్ హైడెల్ అనే జర్మన్ వలసదారుతో మొదలైంది. తొలి పంట నీలిమందు. 1795లో ఎతియెన్ ద బోరె న్యూ ఆర్లీన్స్ దగ్గర చెరకు రసం నుంచి లాభసాటిగా పంచదార తీసి చూపించాక నది ఒడ్డంతా చెరకైపోయింది. కోత మొదలైతే గడను వెంటవెంటనే ఆడించాలి, రసం కాచాలి. ఆ నెలల్లో బానిసలకు రాత్రీ పగలూ పనే. 1808లో విదేశాల నుంచి బానిసల దిగుమతిని అమెరికా నిషేధించింది కానీ దేశం లోపల అమ్మకాలు ఆగలేదు. మేరీల్యాండ్, వర్జీనియాల నుంచి మనుషులను కొని దక్షిణాదికి తెచ్చేవారు. 1860లో ఇక్కడి యజమానురాలు అజెలీ హైడెల్ కింద 101 మంది బానిసలున్నారు. అంతర్యుద్ధం ముగిశాక, 1867లో ఎస్టేటు కొన్న బ్రాడిష్ జాన్సన్ దానికి విట్నీ అని పేరు పెట్టాడు.

అసలు మలుపు 1990లో వచ్చింది. రేయాన్ ఫ్యాక్టరీ కోసం తైవాన్‌కు చెందిన ఫార్మోసా ప్లాస్టిక్స్ ఈ స్థలం కొంది. పర్యావరణవాదులు, పాత కట్టడాలు కాపాడాలనేవాళ్లు అడ్డుపడ్డారు. వాళ్లను శాంతింపజేయడానికి కంపెనీ ఎస్టేటు చరిత్ర మీద పెద్ద సర్వే చేయించింది. ఫ్యాక్టరీ రాలేదు, సర్వే మిగిలింది. తర్వాత స్థలం కొన్న న్యూ ఆర్లీన్స్ లాయరు జాన్ కమ్మింగ్స్ దాన్ని చదివి, అందులోని బానిసల జాబితాల దగ్గర ఆగిపోయాడు. అప్పటికి బానిసత్వం గురించి ఆయనకు తెలిసింది తక్కువే. సెనెగల్ చరిత్రకారుడు ఇబ్రహీమా సెక్‌ను పరిశోధనకు పెట్టుకుని, సొంత డబ్బు దాదాపు 80 లక్షల డాలర్లు ఖర్చుపెట్టాడు.

ఆ జాబితాలు మనుషుల చరిత్ర కోసం రాసినవి కావు, ఆస్తి లెక్కలు. పేరు, వయసు, వచ్చిన పని, ఖరీదు. చాలామందికి ఇంటిపేరే ఉండదు. చరిత్రకారిణి గ్వెండొలిన్ మిడ్లో హాల్ ఏళ్ల తరబడి కోర్టుల పాత దస్తాలు తిరగేసి లక్ష మందికి పైగా లూసియానా బానిసల వివరాలతో డేటాబేస్ తయారుచేశారు. అందులోని పేర్లను మ్యూజియంలో గ్రానైట్ పలకల మీద చెక్కారు. మ్యూజియం ఉన్న జిల్లాలో పసితనంలోనే చనిపోయిన దాదాపు 2,200 మంది బానిస పిల్లలకు విడిగా ఒక స్మారకం ఉంది.

1811 జనవరిలో చార్ల్స్ డెలాండ్ నాయకత్వంలో ఈ తీరంలోనే బానిసలు తిరగబడ్డారు. అణచివేశాక వాళ్ల తలలు నరికి నది వెంట కర్రలకు గుచ్చారు. ఆ సంఘటనకు గుర్తుగా పింగాణీ తలలు పెట్టిన స్మారకాన్ని చూడలేమన్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు ఆ తలలకన్నా, పేరు పక్కన ధర రాసిన కాగితమే భరించలేనిది.

ఒక తెల్ల ధనవంతుడు ఈ కథ చెప్పడమేంటని తొలి రోజుల్లో ప్రశ్నలు వచ్చాయి. 2019లో కమ్మింగ్స్ మ్యూజియాన్ని లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించాడు. దాంతో యజమాని గొడవ తీరింది కానీ డబ్బు టెన్షన్ తీరలేదు. బానిసల ప్రతిఘటన మీద ఎగ్జిబిషన్ కోసం ఇచ్చిన ఫెడరల్ గ్రాంటును 2025 ఏప్రిల్‌లో రద్దు చేశారు. ఆ తర్వాత కొన్ని వారాలకు మళ్లీ ఇచ్చారు.