స్లీప్ డైరీ, పెయిన్ డైరీ, మూడ్ డైరీ: అపోహలు - వాస్తవాలు

క్లినికల్ సైకాలజిస్ట్‌గా నేను పేషెంట్లకి డైరీ (నిద్ర, నొప్పి, మూడ్ ఎలా ఉన్నాయో ఏ రోజుకారోజు రాసుకునే కాగితాలు) ఇచ్చిన ప్రతిసారీ వినే మాటలు కొన్ని ఉన్నాయి, అవే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: అపాయింట్‌మెంట్ ముందు రోజు కూర్చుని వారం మొత్తం నింపేస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదండీ. ఏడు రోజులూ ఒకే పెన్ను, ఒకే ఊపులో రాసిన అక్షరాలు, చూడగానే తెలిసిపోతుంది. 2002లో ఆర్థర్ స్టోన్, సాల్ షిఫ్‌మన్ అనే పరిశోధకుల టీమ్ దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవాళ్లకి పేపర్ డైరీలిచ్చి, ఆ కాగితాలు పెట్టిన ఫైల్‌లో వెలుతురుని పసిగట్టే సెన్సర్ పెట్టారు, ఫైల్ ఎప్పుడు తెరిచారో అందులో రికార్డ్ అవుతుంది. పేషెంట్లు వేసిన టైమ్‌లు చూస్తే 90 శాతం ఎంట్రీలు వేళకి రాసినట్టే ఉన్నాయి, సెన్సర్ లెక్కలో మాత్రం నిజంగా వేళకి రాసినవి 11 శాతమే, అసలు ఫైలే తెరవని రోజులకి కూడా ఎంట్రీలున్నాయి! వాళ్లేమీ మోసగాళ్లు కాదు, డాక్టర్ దగ్గరికి ఖాళీ కాగితం తీసుకెళ్లాలంటే ఎవరికైనా మొహమాటమే. కానీ తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే బాగా నొప్పెట్టిన క్షణం, చివర్లో ఉన్న నొప్పి, ఈ రెండే మనసులో నిలుస్తాయి, మధ్యలో హాయిగా గడిచిన పూటలు లెక్కలోకే రావు. అందుకే మర్చిపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, ఎవరూ తిట్టరు, ఏ రోజుల్లో రాయలేకపోయారో అది కూడా మాకు పనికొస్తుంది.

అపోహ: స్లీప్ డైరీకి రాత్రి గడియారం చూసి కరెక్ట్ టైమ్ వేయాలి.

వాస్తవం: అస్సలు వద్దు, గడియారం చూసేకొద్దీ ఉన్న నిద్ర కూడా పోతుంది. పొద్దున లేచాక ఉజ్జాయింపుగా రాయండి చాలు. పదింటికి మంచమెక్కి ఆరింటికి లేచారు, అందులో ఐదు గంటలు నిద్రపోయారనుకుందాం, ఎనిమిదిలో ఐదంటే సుమారు 62 శాతం, నిద్ర పట్టనివాళ్లకి చికిత్సలో భాగంగా మంచం మీద ఉండే టైమ్ ఎంత తగ్గించాలన్నది ఇలాంటి లెక్కలు ఓ వారం రెండు వారాలవి చూసే చెప్తాం. స్మార్ట్‌వాచ్ ఉందిగా అంటారు కొందరు, కానీ కదలకుండా మెలకువగా పడుకున్నా అది నిద్ర కింద రాసేసుకునే ఛాన్స్ ఉంది.

అపోహ: బాధ గురించి రాస్తే బాధ ఇంకా పెరుగుతుంది.

వాస్తవం: కొందరికి పెరుగుతుంది, కాదనను. అలా అనిపిస్తే చెప్పండి, పేజీలు రాయక్కర్లేదు, పదికి ఎంత అన్న నంబరు, ఆ టైమ్‌లో ఏం జరిగిందో రెండు ముక్కలు చాలు. ఇంట్లో అత్తగారో భర్తో చదువుతారని భయమైతే మీకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు పెట్టుకోండి, పర్లేదు.

అపోహ: చచ్చిపోవాలనిపిస్తోందని డైరీలో రాశాను, డాక్టర్‌కి తెలిసినట్టే.

వాస్తవం: తెలియదండీ, మామూలుగా ఆ డైరీ మేం చూసేది మీరు వచ్చిన రోజే. అలాంటి ఆలోచన వస్తే డైరీ పక్కన పెట్టి ఇంట్లో ఒకరికి చెప్పండి, లేదంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు, అర్ధరాత్రయినా సరే.