ఫోకస్ కుదరట్లేదని కరెంటు పెంచుతున్నారా? ఇంట్లో కట్టే లేజర్ల మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, చుక్క చిన్నదవ్వట్లేదు. కరెంటు ఇంకాస్త పెంచనా?"

ఫోన్ ఎత్తగానే, పేరైనా చెప్పకుండా, ఇదే మాట. ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు రివ్యూలు మొదలయ్యాయంటే రాత్రి పదకొండింటికి కూడా ఇవే ఫోన్లు. లేజర్ ఎన్‌గ్రేవింగ్ మెషిన్లు, అంటే లేజర్ చుక్కతో చెక్క మీద గీతలు కాల్చేవి, రిపేరు చేయడం నా పని. కంపెనీ మెషిన్ల కంటే ఇంట్లో కట్టుకున్నవే నా టేబుల్ మీదికి ఎక్కువ వస్తాయి. వాటిలో చాలావరకు ఫోకస్ తప్పి చచ్చినవి కావు, ఫోకస్ కుదరలేదని చేసిన వైద్యంతో చచ్చినవి.

అపోహ: చెక్క కాలట్లేదంటే పవర్ చాలట్లేదు.

డబ్బులు పోయేది ఇక్కడే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను. చుక్క వ్యాసం రెట్టింపైతే అదే పవర్ నాలుగింతల చోటులో పరుచుకుంటుంది. ఒక్కో చోట పడే వేడి పావు వంతుకు దిగిపోతుంది. ఆ లోటు కరెంటుతో పూడ్చాలంటే నాలుగు రెట్ల పవర్ కావాలి. రేటింగు, అంటే కంపెనీ చెప్పిన హద్దు, దగ్గర నడుస్తున్న ఏ డయోడూ (లేజర్ కాంతి పుట్టించే ముక్క) అంత ఇవ్వదు. రేటింగు దాటించి పెంచితే మొదట కాస్త బాగా కాలినట్టే ఉంటుంది. తర్వాత కాంతి బయటికొచ్చే ఆ సన్నటి అంచు మాడిపోతుంది. ఇక అది లేజర్ కాదు, ఉత్త ఎల్ఈడీ.

కానీ వెలుగుతుంది. మోసమంతా అందులోనే ఉంది. "వెలుగుతోంది కదన్నా, డయోడ్ బానే ఉంది, లెన్సే తేడా" అంటారు. ఎల్ఈడీగా మారిన డయోడ్ వెలుగును ఏ లెన్సూ ఆ సన్నటి చుక్కగా కుదించలేదు. ఇంకో లెన్సు కొంటారు, అదీ కుదరక మరోటి.

పోయినేడు ఒక ఫైనలియర్ కుర్రాడు తన మెషిన్‌ను చెప్పుల డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. కోఠి గుజరాతీ గల్లీలో ఏరిన పాత డీవీడీ డ్రైవుల పట్టాలు రెండు, వాటి మీద నీలం లేజర్ మాడ్యూల్. ఆన్ చేస్తే నల్ల అట్ట మీద పాలిపోయిన నీలం మచ్చ, పొగమంచులో టార్చి వేసినట్టు. మీటరు పెట్టి చూస్తే కరెంటు మామూలుగానే తీసుకుంటోంది. ఆ రోజు శనివారం, సోమవారం రివ్యూ. వాడి మొహం చూస్తే జాలేసింది. ఏం చేశావురా అంటే, పది అడుగుల దూరంలోని గోడ మీద చుక్క సన్నగా వచ్చేదాకా లెన్సు తిప్పి అక్కడ బిగించాడట. చెక్కేమో లెన్సుకు అయిదు సెంటీమీటర్ల కింద. గోడ మీద కుదిరిన ఫోకస్ ఇక్కడ ఎందుకుంటుంది? లెన్సు రింగు కాస్త తిప్పితే పోయేదానికి, డయోడ్‌కి కరెంటిచ్చే డ్రైవర్ బోర్డు మీద కరెంటు పెంచే స్క్రూ తిప్పాడు.

ఆ స్క్రూ జోలికి పోయే ముందు ఇది చేయండి. సన్నటి చెక్క పట్టీకి ఒక చివర కింద అగ్గిపెట్టె పెట్టి ఏటవాలుగా ఉంచండి. తక్కువ పవర్‌లో, ఒకే వేగంతో, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక గీత కాల్చండి. లావుగా మొదలై, ఒకచోట వెంట్రుకలా సన్నబడి, మళ్లీ లావవుతుంది. ఆ సన్నటి చోటు లెన్సు అంచుకు ఎంత కిందుందో కొలిచి, సరిగ్గా అంత ఎత్తున్న చెక్కముక్క కోసుకోండి. పని మొదలుపెట్టే ముందు ఆ ముక్కను లెన్సు కింద దూర్చి ఎత్తు సరిచూసుకుంటే చాలు. నా ముక్క మీద మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో పిల్లి బొమ్మ గీసింది. ఆరేళ్లుగా అదే వాడుతున్నాను.

గీత ఎక్కడా సన్నబడలేదా? లెన్సు మురికి పట్టి ఉండాలి, లేదా రింగు వదులై ఉండాలి. వెనక స్ప్రింగు లేకపోతే ఫ్యాన్ అదురుకే రింగు తిరిగిపోతుంది. ఆ రెండూ కాకపోతేనే డయోడ్‌ను అనుమానించండి.

అపోహ: చుక్క గుండ్రంగా లేదు, గీతలా ఉంది, కాబట్టి లెన్సు పాడైంది.

కాదు. వాట్లలో పవరున్న నీలం డయోడ్‌లో కాంతి పుట్టే చోటే సన్నటి పట్టీలా ఉంటుంది. మీకు కనబడేది దాని రూపమే. అడ్డగీతలు సన్నగా, నిలువు గీతలు లావుగా వస్తున్నా కారణం అదే. అమ్మినవాడితో గొడవ పడకండి. పారదర్శకమైన అక్రిలిక్ తెగట్లేదని కూడా ఫోకస్‌ను తిట్టకండి, నీలం కాంతి దానిలోంచి దాటిపోతుంది.

అపోహ: ఫోకస్ కంటితో చూసి పెట్టొచ్చు, కూలింగ్ గ్లాసెస్ చాలు.

ఇక్కడ నాకు ఓపిక ఉండదు. అర వాటు దాటితే అది క్లాస్ 4 లేజర్, అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి. సూటిగా చూడక్కర్లేదు, చెక్క మీద పడి చెదిరిన వెలుగు కూడా కంటికి ప్రమాదమే. రెప్ప పడేలోపు, అంటే పావు సెకనులో, జరగాల్సింది జరిగిపోతుంది. కళ్లద్దాలు మీ లేజర్ తరంగదైర్ఘ్యానికి చేసినవే కావాలి. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌కి వాడే రంగులేని పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకుని, 450 నానోమీటర్ల నీలం లేజర్ ముందు ధీమాగా కూర్చున్న పెద్దాయన్ని చూశాను. 10,600 నానోమీటర్లను ఆపే ఆ ప్లాస్టిక్, నీలాన్ని దాదాపు అలాగే వదిలేస్తుంది. పైగా మెరిసే చుక్క కంటికీ ఫోన్ కెమెరాకీ ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది.

40 వాట్ల కార్బన్ డయాక్సైడ్ ట్యూబు మెషిన్ కట్టుకున్నవాళ్లకు రెండు మాటలు. లెన్సు ఉబ్బు పైకి, చదును పనివైపు. తిరగేసి పెట్టినా కోస్తుంది, కాకపోతే లావుగా కోస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కోత ఏటవాలుగా వస్తుంటే బీమ్‌ను మళ్లించే అద్దాలు సరిచూడండి, బీమ్ లెన్సు మధ్యలో పడటం లేదు. భూతద్దం పెట్టొచ్చా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ కాంతి గాజులోంచి పోదు, జింక్ సెలినైడ్ లెన్సే కావాలి. (ఈ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అంటే మన కుర్రాళ్లు నమ్మరు.)

లెన్సు తుడవడంలో నా ఘనకార్యం కూడా చెప్పాలి. పని నేర్చుకునే రోజుల్లో డీవీడీ డ్రైవులోంచి తీసిన లెన్సును ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచాను. అందులో అసిటోన్ ఉంది, లెన్సేమో ప్లాస్టిక్. చూస్తుండగానే మీగడ కట్టినట్టు తెల్లబడింది. సీసా ఖాళీ చేశానని మా ఆవిడ తిట్టింది గానీ, లెన్సు సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క, మెత్తటి స్వాబ్, సప్లై ఆఫ్. గట్టిగా రుద్దొద్దు.

ఆ కుర్రాడికి నా దగ్గరున్న డయోడ్ ఒకటి వేసి, కరెంటు రేటింగు కంటే కాస్త తగ్గించి పెట్టి, డ్రైవర్ స్క్రూ మీద గ్లూ చుక్క వేసి పంపాను. ఆదివారం రాత్రి ఫోటో వచ్చింది: వాలు పట్టీ, దాని మీద ఒకచోట వెంట్రుకలా సన్నబడిన గీత. మీరు ఫోన్ చేసినా ముందు అడిగేది ఆ గీత ఫోటోనే, చుక్క ఫోటోలు పంపకండి.