చెన్నపట్నంలో తాతగారి వీధి ఎక్కడ?

చాలా తెలుగు కుటుంబాల పాత కాగితాల్లో ఏదో ఒక మద్రాసు అడ్రసు ఉంటుంది. శుభలేఖ మీదో, పోస్టుకార్డు మీదో, తాకట్టు దస్తావేజులోనో 'ఎర్రబాలు చెట్టి వీధి, మద్రాసు' అనో, 'చైనా బజారు రోడ్డు' అనో రాసి ఉంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు మనది కాకుండా పోయాక చాలామంది ఇటు వచ్చేశారు, కొందరు అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు మూడో తరం వాళ్లు వంశవృక్షం రాసుకుందామని ఆ అడ్రసు ఫోన్‌లో కొడితే మ్యాపు దిక్కులు చూస్తోంది. వీధి పోయిందేమో అనుకుంటారు. నిజంగా పోయిన వీధులు తక్కువే. పేరు మారినవి, పేరు సగం తెగినవే ఎక్కువ.

నిజంగా పోయినవి ఎక్కడో ముందు తెలియాలి. దామర్ల నాయకుల దగ్గర 1639లో ఇంగ్లిషు కంపెనీ జాగా పుచ్చుకుని కోట కట్టుకున్నాక, దానికి ఉత్తరంగా పెరిగిన స్థానికుల పేట బ్లాక్ టౌన్. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకుని ఆ పేటలో కొంత భాగం కూల్చారు. 1749లో ఊరు తిరిగి ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. 1758-59లో ఫ్రెంచివాళ్లు మళ్లీ ముట్టడించారు. ఇళ్ల చాటున శత్రువు కోట దాకా రాగలడని ఆ రోజుల్లోనే మిగిలిన పేటను ఇంగ్లిషువాళ్లే చదును చేసేశారు. అక్కడి చెన్నకేశవస్వామి గుడి కూడా పోయింది. తర్వాత దాన్ని పూలబజారు దగ్గర దేవరాజ ముదలి వీధిలో, చెన్నమల్లేశ్వరుడి గుడి పక్కన కట్టారు. పాత పేట ఉన్న మేరలో ఇవాళ హైకోర్టు ఉంది. ఇకపై ఈ హద్దు దాటి ఇళ్లు కట్టకూడదని 1773లో కంపెనీ రాతి స్తంభాలు పాతింది. వాటిలో ఒకటి ఇప్పటికీ ప్యారీస్ కార్నర్‌లో నిలిచి ఉంది. కాబట్టి 1740ల నాటి కాగితంలో బ్లాక్ టౌన్ అని ఉంటే ఇప్పటి జార్జిటౌన్‌లో వెతికి లాభం లేదు. అదే పేరు 1850 కాగితంలో ఉంటే మాత్రం అది ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట కలిసిన కొత్త బ్లాక్ టౌన్. 1906లో, అప్పటి వేల్స్ యువరాజు వచ్చి వెళ్లాక, దానికే జార్జిటౌన్ అని పేరు పెట్టారు. ఒకే పేరు రెండు చోట్ల తిరిగింది కనక ముందు కాగితం మీది తేదీ చూడాలి, అడ్రసు సంగతి తర్వాత.

ఈ రెండు పేటల్లో ఎవరు ఎక్కడుండాలన్నదానికీ ఒక తగవు కథ ఉంది. అప్పట్లో దక్షిణాది కులాలు కుడిచేతివి, ఎడమచేతివి అని రెండు వర్గాలుగా ఉండేవి. 1707లో ఆ రెంటికీ గొడవ ముదిరితే గవర్నరు థామస్ పిట్ మధ్యలోకి వచ్చి, పెద్దనాయకన్‌పేట కుడిచేతివాళ్లకూ ముత్యాలపేట ఎడమచేతివాళ్లకూ పంచే ఏర్పాటు చేశాడు. కోమట్లు కుడిచేతి వైపు, బేరి చెట్టివాళ్లు ఎడమచేతి వైపు. ఆ గీత తర్వాత కరిగిపోయింది గానీ, గుడుల్లో, సత్రాల్లో దాని జాడ మిగిలింది. కొత్వాల్ చావడి దగ్గరి కన్యకాపరమేశ్వరి దేవస్థానం అలాంటిదే. అక్కడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడు తరలిపోయినా గుడి కదల్లేదు. పూర్వీకుల ఉత్తరాల్లో 'గుడి పక్క సందు' అని ఉంటే ముందు ఏ గుడో తేల్చుకోవడం మంచిది. తంబుచెట్టి వీధి పేరు ఎన్ని రకాలుగా రాసినా కాళికాంబ గుడి ఆ వీధిలోనే ఉంటుంది.

పేర్ల మార్పు రెండు విడతల్లో జరిగింది. మొదటిది స్వాతంత్ర్యం తర్వాత తెల్లవాళ్ల పేర్లు తీసేసి మనవాళ్ల పేర్లు పెట్టడం. మౌంట్ రోడ్డు అన్నా సాలై అయింది. చైనా బజారు రోడ్డు ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు, పూనమల్లి హైరోడ్డు పెరియార్ ఈవీఆర్ సాలై, ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు రాధాకృష్ణన్ సాలై అయ్యాయి. వీటిలో మనకు దగ్గరిది బ్రాడ్‌వే. స్టీఫెన్ పోఫామ్ అనే ఇంగ్లిషు లాయరు పద్దెనిమిదో శతాబ్దం చివర ఒక మురుగు కాలవను పూడ్పించి వేయించిన రోడ్డు అది. దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టి ప్రకాశం సాలై అన్నారు. 1928లో సైమన్ కమిషన్ గొడవలో ఆయన పోలీసు తుపాకులకు గుండె చూపించిన చోటు అక్కడికి నడిచేంత దూరమే. అయినా బస్సెక్కితే అందరూ అడిగేది బ్రాడ్‌వే టికెట్టే. ఈ విడత మార్పుతో పెద్ద తంటా లేదు. పెద్ద రోడ్లు కాబట్టి పాత పేరేదో, కొత్త పేరేదో అక్కడి పెద్దవాళ్లు ఎవరైనా చెబుతారు.

వంశవృక్షం రాసేవాళ్లను ఏడిపించేది రెండో విడత. 1970ల చివర ఎంజీఆర్ ప్రభుత్వం వీధి పేర్లలోంచి కులం సూచించే మాటలు తీసేయాలంది. ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. పని మాత్రం కత్తెరతో చేశారు. చెట్టి, నాయకన్, ముదలి, అయ్యర్, నాయర్ వంటివి బోర్డుల మీంచి తెగిపోయాయి. గోవిందప్ప నాయకన్ వీధి గోవిందప్ప వీధి అయింది. టి.నగర్‌లో జస్టిస్ పార్టీ నాయకుడు టి.ఎం. నాయర్ పేరిట ఉన్న డాక్టర్ నాయర్ రోడ్డులో 'నాయర్' పోతే మిగిలింది 'డాక్టర్ రోడ్డు'. ఏ డాక్టరో ఎవరికి తెలియాలి? టి.నగర్ పేరే పిట్టి త్యాగరాయ చెట్టిది. ఆయన తెలుగువాడు. అక్కడి పార్కు పేరు పానగల్ రాజా రామరాయణింగారిది. ఆ పేట అంతా 1920లలో చెరువు పూడ్చి కట్టించినది. వీధులకు ఆనాటి నాయకుల పేర్లే పెట్టుకున్నారు.

జార్జిటౌన్‌లో ఈ కోత లోతుగా తగిలింది. అక్కడి వీధులకు కంపెనీతో వ్యాపారం చేసిన దుబాసీల (తెల్లవాళ్లకు దుభాషీలుగా, మధ్యవర్తులుగా ఉన్నవాళ్ల), షావుకార్ల పేర్లున్నాయి. సుంకురామ చెట్టి వీధి పేరు పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కంపెనీకి ముఖ్య వర్తకుడిగా ఉన్నవాడిది. లింగిచెట్టి, ఎర్రబాలు చెట్టి, కొండిచెట్టి ఇలా వరసే ఉంది. ఇంటిపేరు, కులం, వృత్తి ఒకే మాటలో దొరికే చోటు అది. వంశం వెతికేవాడికి కావలసిన ముక్కనే కత్తిరించారని నాకనిపిస్తుంది. పైగా షాపుల బోర్డులు, లెటర్‌హెడ్లు పాత పేరు వదల్లేదు. దాంతో ఒకే వీధికి సర్కారీ పేరొకటి, బజారు పేరొకటి నడుస్తున్నాయి. ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లేసరికి ఎర్రబాలు ఇంకో నాలుగు రూపాలెత్తుతాడు. 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం ఊళ్లు, వీధులు, చెరువుల పేర్లలో కులం తీసేయాలని మళ్లీ ఉత్తర్వు ఇచ్చింది. అదే నెలలో కోయంబత్తూరు కొత్త ఫ్లైఓవర్‌కు ఆ ఊరి ఆవిష్కర్త జి.డి. నాయుడు పేరు పెట్టడంతో, నాయుడు కులమా పేరా అని వాదన లేచింది.

పేరు తేలాక ఇంటి నంబరుతో ఇంకో చిక్కుంది. చెన్నైలో గుమ్మం పక్కన 'ఓల్డ్ నంబర్ 14, న్యూ నంబర్ 31' తరహా పలకలు చూసే ఉంటారు. కార్పొరేషన్ నంబర్లు మార్చాక జనం రెండూ రాసుకోవడం మొదలుపెట్టారు. శుభలేఖలోని నంబరు ఆ 'ఓల్డ్' కన్నా ముందుదై ఉండవచ్చు. కాబట్టి నంబరు పట్టుకుని గుమ్మం తట్టడం కంటే దస్తావేజు వెతకడం నయం. పాత అమ్మకపు పత్రంలో షెడ్యూలు భాగం చూడండి. అక్కడ వీధి పేరు, ఇంటి నంబరుతో పాటు ఓ.ఎస్. నంబరు, ఆర్.ఎస్. నంబరు, సి.సి. నంబరు అని ఉంటాయి. ఓ.ఎస్. పాత సర్వే, ఆర్.ఎస్. రీసర్వే, సి.సి. కలెక్టరు సర్టిఫికెట్టు. వీధికి బోర్డు మారినంత మాత్రాన ఇవి మారవు. వాటి కింద చెక్కుబందీ ఉంటుంది: తూర్పు ఫలానావారి ఇల్లు, పడమర రాజవీధి, ఉత్తరం ఫలానావారి గోడ. పక్కింటివాళ్ల పేర్లు దొరికితే వాళ్ల దస్తావేజుల్లో మీ తాతగారి పేరు హద్దుగా కనిపించే అవకాశం ఉంది. సొంత పత్రం పోయినవాళ్లకు ఇదొక దొడ్డిదారి.

దస్తావేజే లేకపోతే అచ్చు కాగితాలు పనికొస్తాయి. మద్రాసులో అచ్చయిన అసైలం ప్రెస్ ఆల్మనాక్ ఏటేటా ఊళ్లోని ఉద్యోగుల, వ్యాపారుల వివరాలు ఇచ్చేది. మన పుస్తకాల ముఖపత్రాలు కూడా చిన్న డైరెక్టరీలే. వావిళ్లవారి పుస్తకం మీద ఎస్ప్లనేడు, నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక మీద తంబుచెట్టి వీధి ఉంటాయి. మీ ముత్తాత ప్రెస్సులో కంపోజిటరుగా చేశారని ఇంట్లో చెప్పుకుంటుంటే, ఆ ప్రెస్సు అడ్రసు చుట్టుపక్కల వీధులతో మొదలుపెట్టవచ్చు. పాత ప్రభుత్వ రికార్డులు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీకి (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టుకు) దరఖాస్తు వేసేటప్పుడు మాత్రం వీధి పాత పేరు, కత్తిరించిన పేరు, ఆర్.ఎస్. నంబరు మూడూ రాయండి. కంప్యూటర్లోకి ఎక్కని ఏళ్ల పుస్తకాలను చేత్తో తిరగేయాలి. తిరగేసే గుమాస్తా మీరు రాసిన పేరు కిందే చూస్తాడు.