సీసం రగడకు మూలం ఓ వీడియోగేమ్ తీగ

ఎలక్ట్రానిక్ పార్టుల్లో సీసానికి ఐరోపా ఇచ్చే మినహాయింపులపై మళ్లీ గొడవ మొదలైంది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం, కాడ్మియం లాంటి హానికర పదార్థాలకు (మొదట్లో ఆరింటికి) పరిమితి పెట్టిన ఐరోపా చట్టం రోహ్స్. అది అమల్లోకొచ్చిన 2006 జులై 1నే చాలామంది మలుపుగా చెబుతారు. అసలు మలుపు అంతకు ముందే, 2001 చివర్లో నెదర్లాండ్స్‌లో పడింది.

క్రిస్మస్ అమ్మకాల ముందు డచ్ అధికారులు సుమారు 13 లక్షల సోనీ ప్లేస్టేషన్ వన్ సెట్లను ఆపేశారు. తీగల్లో కాడ్మియం అక్కడి పరిమితిని మించింది. ఆ తీగలు సోనీ సొంతంగా తయారుచేసినవి కావు, సప్లయర్ ఇచ్చినవి. దెబ్బతిన్న సోనీ ‘గ్రీన్ పార్ట్‌నర్’ పేరుతో సప్లయర్లను తనిఖీ చేసి, అర్హత ఉన్నవాళ్ల దగ్గరే కొనడం మొదలుపెట్టింది. మిగతా పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. అలా ఈ భారం మెల్లగా కింది సప్లయర్ల మీదికి జారింది.

తర్వాతొచ్చిన రోహ్స్ చట్టం దాన్ని ఇంకా పెంచింది. సీసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం దాటకూడదు. ఈ లెక్క పార్టు మొత్తం బరువు మీద కాదు. కాళ్ల పూత, లోపలి టంకం, ప్లాస్టిక్ తొడుగు, దేనికది విడిగా చూడాలి. రూపాయి చేయని రెసిస్టర్‌కీ అన్నీ పరిమితిలోనే ఉన్నాయన్న డిక్లరేషన్ కావాలి!

పాత తగరం-సీసం టంకం 183 డిగ్రీలకు కరిగేది. సీసం లేనిది 217 దాటితేగానీ కరగదు, కాబట్టి టంకం కరిగించే ఓవెన్ వేడి 240కి పైగా పెట్టాల్సి వచ్చింది. ఆ వేడికి ఆగని పార్టులను కంపెనీలు మార్చేశాయి, లేదా తయారీయే మానేశాయి. రక్షణ, అంతరిక్ష పరికరాలకు చట్టం వర్తించదు. కానీ వాటి తయారీదారులకు పార్టులొచ్చేదీ సీసం మానేసిన ఆ ఫ్యాక్టరీల నుంచే. శుద్ధ తగరం పూత మీద మీసాల్లాంటి పోగులు మొలిచి షార్టవుతాయన్న భయంతో, కొన్న పార్టుల కాళ్లకు మళ్లీ సీసం కలిసిన పూత వేయించుకోవాల్సి వచ్చింది. చట్టంలో ఉన్న మినహాయింపు బజారులో దొరకలేదు.

ఇప్పటి పేచీ 85 శాతానికి పైగా సీసం ఉండే టంకంతో మొదలైంది. పవర్ డయోడ్ల లాంటి వాటి లోపల చిప్‌ను అతికించేది అదే. చాలా రకాల పరికరాలకు దానికిచ్చిన మినహాయింపు గడువు 2021 జులై 21. పొడిగించమని ముందే అడిగితే, నిర్ణయం వెలువడేదాకా పాతదే చెల్లుతుంది. ఆ నిర్ణయం ఏళ్ల తరబడి నానింది. గడువు పెట్టకపోతే పరిశ్రమ ప్రత్యామ్నాయం వెతకదని పర్యావరణ సంఘాల వాదన. మామూలు టంకం విషయంలో అది నిజమే అయింది కూడా.

అయితే ఈ టంకాన్ని ఎంచుకునేది పార్టు కంపెనీ, ఆ పార్టులతో సర్క్యూట్ బోర్డు కట్టే చిన్న యూనిట్ కాదు. తక్కువగా అమ్ముడయ్యే పార్టును కొత్త టంకంతో మళ్లీ పరీక్షించే బదులు ఆపేయడమే కంపెనీకి లాభం. అప్పుడు, కావాల్సిందంతా ఇప్పుడే కొనుక్కోండంటూ చివరి ఆర్డర్లు అడుగుతారు. ఏళ్లకు సరిపడా సరుకు ఒకేసారి కొనే పెట్టుబడి చిన్న యూనిట్‌కు ఎక్కడిది? మినహాయింపు కాదంటే మారడానికి దొరికేది 12 నుంచి 18 నెలలు. ఈలోగా బోర్డు డిజైన్ మార్చి, పరీక్షలన్నీ మళ్లీ చేయించాలి.

మన దేశంలోనూ 2014 మే 1 నుంచి అవే ఆరు పదార్థాలు, అవే పరిమితులు అమల్లో ఉన్నాయి. 2022 ఇ-వ్యర్థాల నిబంధనలూ వాటినే కొనసాగించాయి. సూక్ష్మ పరిశ్రమలను నిబంధనల పరిధి నుంచి తప్పించారు. హైదరాబాద్ చర్లపల్లిలో బోర్డులు కట్టే సూక్ష్మ యూనిట్ ఐరోపాకు ఒక్క పెట్టె పంపకపోయినా, పార్టు అక్కడి రూలు వల్ల ఆగితే ఇక్కడా ఆగినట్టే.